ఎందుకమ్మకు లెక్కలొచ్చాయి

ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ డిగ్రీల్లో లెక్కలు మరీ ఎక్కువైపోయాయని అందరూ గోల పెడుతున్నారు. నేనంటాను, చాలవు! ఇంకా దట్టించాలి! అడ్మిషన్ రోజు నుంచే ఇంటిగ్రల్స్‌తో వాయించాలి!

ఊరికే అనడం లేదు. సాక్ష్యం మా ఇంట్లోనే ఉంది. మా అక్క కూతురు.

కాలేజీ మాకు దగ్గరని అక్క దాన్ని మా ఇంట్లో ఉంచింది. దాని ముద్దుపేరు ఎందుకమ్మ. మాటలొచ్చినప్పటి నుంచీ అదొక్కటే పని. బేకరీలు రెండూ పక్కపక్కనే ఎందుకున్నాయి? జనం ఒకదాన్లోనే ఎందుకు కొంటారు? గుడ్డు ధర పెరిగినప్పుడే గుడ్డు ఎందుకు చిన్నదవుతుంది? ముద్ద గొంతు దిగనిచ్చేది కాదు!

పోయినేడు, ఇది కాలేజీలో చేరడానికి వచ్చిన కొత్తలో, ఇంటి ఓనరు అద్దె పెంచుతానని వచ్చాడు. ఇది అడ్డం తగిలింది.

"ఎందుకంకుల్?"

"అన్నీ పెరిగాయి కదమ్మా."

"మా కుళాయి కారడం కూడా పెరిగింది. దానికెందుకు పెంచాలి?"

"పక్క వీధిలో కూడా పెంచారమ్మా!"

"వాళ్ళెందుకు పెంచారు?"

"నేను పెంచుతున్నానని తెలిసి..." అని నాలుక కరుచుకున్నాడు. టీ తాగకుండానే చెప్పులేసుకున్నాడు. అద్దె పెరగలేదు.

ఇంత ప్రమాదకరమైన పిల్లను దారిలో పెట్టిందెవరనుకున్నారు? ఎకనామిక్స్ డిగ్రీ! దాని ఎందుకులన్నిటికీ అక్కడ జవాబు దొరుకుతుందని మేమే చేర్పించాం. "ఆర్ట్స్ సబ్జెక్టే కదా, లెక్కలుండవు" అని భరోసా ఇచ్చిన పెద్దమనిషి ఇప్పుడు ఫోనెత్తడం లేదు.

మొదటి వారమే పార్షియల్ డెరివేటివ్‌లు. ఆ వెనకే మాట్రిక్సులు. స్నానాల గది అద్దం మీద ఆవిరి పడితే అందులోనూ వేలితో గీసిన గ్రాఫులే! మా ఆవిడ కూరగాయలు తెమ్మంటే, "ఎక్స్ రకాలు అనుకుందాం అత్తయ్యా" అంది. ఎక్స్ వచ్చింది, కూరగాయలు రాలేదు.

స్టాటిస్టిక్స్ చదివే దాని స్నేహితురాలు ఇంకో మెట్టు పైన. మబ్బు పట్టింది, గొడుగు పట్టుకెళ్ళవే అంటే, వానకు ఉన్న ప్రాబబిలిటీ లెక్కగట్టి, ఉత్తి చేతులతో వెళ్ళి ముద్దగా తడిసొచ్చింది. లెక్క మాత్రం కరెక్టేనట!

లాభం చూశారా? ఇంట్లో ఎంత ప్రశాంతత! "ఎందుకు" అన్న మాట వినబడితే ఒట్టు. అనడానికి దానికి టైమేదీ? క్లాసులో ఒకే ఒక్కసారి అడిగిందట.

"సార్, ఈ సమీకరణం ఎందుకు?"

"పది మార్కులకు."

ఎంత నిజాయితీపరుడైన లెక్చరర్! ఎదురుగా ఉంటే దండ వేసేవాణ్ణి. మా పిల్ల ఆ పదీ తెచ్చుకుంది. కాలేజీ ఫస్టు!

సరిగ్గా అప్పుడే ఓనరు మళ్ళీ దిగాడు. గుమ్మంలోంచి తొంగి చూసి, "అమ్మాయి ఇంట్లో లేదు కదా?" అన్నాడు. మా ఆవిడ ముఖం వెలిగిపోయింది. "ఎందుకు లేదూ? రండి, రండి!"

అద్దె పెరిగితే మేం ఇల్లు ఖాళీ చేయాల్సిందే. పిల్ల కాలేజీకి రెండు బస్సులు మారాల్సిందే. మా ఆశలన్నీ దాని నోటి మీదే ఉన్నాయి.

అది "ఎందుకు" అనలేదు. పెన్ను తెరిచింది.

"మీకెన్ని వాటాలున్నాయంకుల్? అద్దె పెంచితే కొన్ని ఖాళీ అవుతాయనుకుందాం. ఇది మీ రాబడి ఫంక్షన్. డిఫరెన్షియేట్ చేసి సున్నాకి సమానం చేస్తే..."

ఆనాటి న్యూస్ పేపరు అంచు మీద నాలుగు లైన్లు. కింద ఒక అంకె. దాని చుట్టూ గడి.

"ఇదిగో, మీకు గరిష్ఠ రాబడి ఇక్కడ!"

ఓనరు కళ్ళజోడు సవరించుకున్నాడు. "నేను ఇందులో సగమే పెంచుదామనుకున్నాను తల్లీ! సరస్వతివి!" ఆ అంచు జాగ్రత్తగా చింపి జేబులో పెట్టుకున్నాడు. ఈసారి టీ రెండు కప్పులు తాగాడు.

ఆయన మెట్లు దిగగానే దాన్ని అడిగాను. "ఆ లెక్కలో మనమెక్కడున్నామే?"

"మొదటి లైన్లో ఉన్నాం కదా మామయ్యా, చివర్న. కాన్‌స్టెంట్. కాలేజీ దగ్గర కాబట్టి ఎంత పెంచినా కదలమనుకున్నాను."

"మరి రెండో లైన్లో కనబళ్ళేదే?"

"డిఫరెన్షియేట్ చేశాక కాన్‌స్టెంట్ ఉండదు. సున్నా అయిపోతుంది."

కాబట్టి లెక్కలు ఇంకా పెంచండి. నాకే అభ్యంతరమూ లేదు. కాకపోతే చిన్న మనవి. పాతదైనా పర్వాలేదు, ఒక "ఎందుకు" ఎక్కడైనా అద్దెకు దొరికితే కాస్త చెప్పండి. ఒకటో తారీఖున కొత్త అద్దెకు ఓనరొస్తాడు!