నలభయ్యారు పోగుల పెళ్లికొడుకు

తుమ్మపాల సత్తియ్యకి ఆ పొద్దున్న ఉన్నది ఒకటే పని. నాతవరం వాళ్లు పెళ్లిచూపులకి వస్తారు, ఉప్మా తింటారు, ఊఁ అంటారు, పన్నెండు బస్సుకి వెళ్లిపోతారు. ముందొచ్చిన నాలుగు సంబంధాలూ తప్పిపోయేయి. ఇదైనా కుదరాలి. అందుకే, చెరుకు ఫారం లేబులో పనిచేసే కూతురు శ్రీదేవికి, "అడిగిందానికే సెప్పమ్మా" అని మరీమరీ చెప్పేడు.

శ్రీదేవి అడిగిందానికే చెప్పింది.

"లేబులో ఏటి సేత్తావమ్మా?" అన్నాడు పెళ్లికొడుకు తండ్రి త్రినాధరావు.

"చెరుకు కణాల్లో పోగులు లెక్కెడతానండి, క్రోమోజోములంటారు. తాతముత్తాతల పోలికలన్నీ ఆ పోగుల్లోనే ఉంటాయి. చెరుక్కి వంద దాటతాయి."

"మరి మనిసికో?"

"నలభయ్యారండి."

త్రినాధరావు చెంచా ఆపేడు. "మావోడు సెరుకుగెడ కన్నా తక్కువేటి?"

"అలా కాదండి. మనకి ఒక్కో రకం పోగు రెండేసి. చెరుక్కి ఎనిమిదేసి, పదేసి. అదే ఉల్లిపాయకి మొత్తం పదహారే. కానీ వాటిల్లో సరుకు మనకన్నా అయిదింతలు."

"ఉల్లిపాయ కన్నా కూడానా" అని పెళ్లికొడుకు తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెళ్లికొడుకు కన్నబాబుది పరవాడ కంపెనీలో పని. వాడు శ్రీదేవినే చూస్తున్నాడు.

సంబంధం జారిపోతోందని సత్తియ్య మధ్యలో దూరేడు. "తక్కువైతే ఏటి బావ, మాకేటీ పట్టింపు లేదు. సర్దుకుంటాం" అన్నాడు.

"సర్దుకోడానికి మావోడికేటి లోపం?"

సత్తియ్య పెళ్లాం నూకరత్నం వంటింట్లోంచి తల బయటపెట్టింది. "మందులాడితే పెరుగుతాయేమో అడగండి."

దాంతో వాళ్లు లేచిపోయేరు. బతిమాలుకుంటూ సత్తియ్య బస్టాపు దాకా వెళ్లేడు. ఆ మాటలన్నీ టీకొట్టు అప్పలరాజు విన్నాడు. కన్నబాబు భుజం తట్టి, "బెంగెట్టుకోకు బాబు. మా బావమరిదికీ ఏదో తక్కువే అన్నారు. ముగ్గురు పిల్లలిప్పుడు" అన్నాడు.

పదిహేను రోజులకి త్రినాధరావు విశాఖ ఆస్పత్రి కాయితం పట్టుకుని, కొడుకుని వెంటేసుకుని దిగేడు. "సూడు బావ, నలభయ్యారు. ఒక్కటీ తగ్గలేదు. మనిసికి అంతే ఉండాలంట. ఒకటెక్కువైనా జబ్బేనంట."

సత్తియ్యకి ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషంలో ఆగలేక, "మా అమ్మికైతే వంద ఉంటాయి బావ, సెరుకుతోట్లో పెరిగింది" అన్నాడు.

త్రినాధరావు మళ్లీ లేచేడు. కన్నబాబు జేబులోంచి ఇంకో కాయితం తీసేడు.

"కూకో నాన్నా. ఇది శ్రీదేవిది. ఇద్దరం ఒకరోజే రక్తం ఇచ్చేం. తనకీ నలభయ్యారే."

ఇద్దరూ ఎప్పుడు కలిసేరని ఎవరూ అడగలేదు. ముహూర్తం పెట్టేసుకున్నారు. సత్తియ్య ఒక్కడే కాస్త చిన్నబుచ్చుకున్నాడు. తన కూతురికి ఒక్కటైనా ఎక్కువుంటుందనుకున్నాడు.