కొబ్బరికాయకు కనిపించిన చేపలు

శనివారం సాయంత్రంలోగా ప్రొఫెసర్‌కు పేపరు పంపితేనే లహరి పరిశోధన ఉద్యోగం నిలుస్తుంది. అందుకే ఆ పొద్దున్నే టీ గ్లాసుతో ఆఖరిసారి చదువుకోడానికి కూర్చుంది. జాలర్లకు చేపల ఫొటోలు చూపిస్తూ మెదడు స్కాన్ తీసి, ఏ చోటు పనిచేస్తుందో పట్టుకోవడం ఆమె పని. తాత మల్లేశు మెదడులో ఎర్రచుక్క వెలిగింది.

సంబరం ఆపుకోలేక ఆ బొమ్మ గురువారం ఇంట్లో చూపించింది. నాయనమ్మ గవరమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. మల్లేశు బుర్రలో చేపల జాడ చెప్పే చుక్క ఉందని సాయంత్రానికి జాలర్లుండే బతు బస్తీ అంతా తెలిసిపోయింది. శుక్రవారం తెల్లారేసరికి అతని పడవ వెనకాల ఏడు పడవలు.

ఇప్పుడా ఏడుగురూ గుమ్మంలో ఉన్నారు.

"మామా, నీ చుక్క పన్చెయ్యలేదేటి? ఖాళీ వలల్తో వచ్చేం," అన్నాడు చిట్టిబాబు.

"నాను పోయిన వల ఎతుక్కోడానికెల్లేన్రా, పాగల్!" మల్లేశు మనవరాలి వైపు తిరిగాడు. "గుంటా, ఆ సుక్క కోసం ఎన్ని సోట్ల ఎతికేవు?"

"అరవై వేల చోట్ల, తాతా."

"అరవై వేల గేలాలేస్తే ఒకదానికి పాత సెప్పయినా తగుల్తాదే! అలాగని సముద్రంలో సెప్పులు ఈదతన్నాయంటావా?"

బుర్రే లేనిదాంట్లోనూ చుక్క తగుల్తుందేమో చూడాలనుకుంది లహరి. గవరమ్మ పచ్చడికని దాచిన కొబ్బరికాయ పట్టుకుని స్కానింగ్ సెంటర్‌కు పరిగెత్తింది. వెనకే తాత. కాయను మెషీన్‌లో పడుకోబెట్టి, పద్ధతి ప్రకారం దానికీ చేపల ఫొటోలు చూపించింది.

కాయలో నాలుగు ఎర్రచుక్కలు వెలిగాయి.

అన్నిచోట్ల వెతికినప్పుడు ఊరికే తగిలే చుక్కలు రాలిపోయేలా లెక్కను గట్టిగా బిగించి మళ్ళీ చూస్తే, కాయలోనూ తాతలోనూ ఒక్క చుక్కా మిగల్లేదు. లహరికి ఏడుపు ఆగలేదు. "ఉద్యోగం పోయింది తాతా."

"వలకి సిల్లుందని ఒడ్డునే తెలిస్తే ఏడుస్తారేటే, ఎర్రిదానా? నడిసముద్రంలో తెలిస్తే ఏడవాల," అన్నాడు మల్లేశు, తువ్వాలుతో ఆమె కళ్ళు తుడుస్తూ.

ఆ చిల్లు గురించే రాసి, కాయ బొమ్మతో సహా పంపేసింది. సాయంత్రం ప్రొఫెసర్ ఫోన్ చేశాడు. "ఆ పాత లెక్కతోనే మనవాళ్ళు నలుగురు పేపర్లు రాశారమ్మా. అందులో నేనొకణ్ణి. నువ్వు సోమవారం నుంచి వచ్చి అవన్నీ సరిచూడు."

ఫోన్ పెట్టేసరికి గుమ్మంలో మళ్ళీ చిట్టిబాబు.

"దీదీ, నాలుగు చుక్కలున్న ఆ కాయేదీ? రేపు పడవలో పెట్టుకుంటాం."

అప్పటికే గవరమ్మ దానికి పోపు పెట్టేసింది.