ఒక పక్కే అయింది

ఆ ఆదివారం నాగకుమారి పెట్టుకున్న పని చాలా చిన్నది. నెహ్రూ వీధి దాకా వెళ్ళడం, ముఖానికి పూసుకునే మంచి ఫౌండేషన్ ఒకటి చూడడం, పన్నెండు లోపల ఇంటికి వచ్చి కుక్కర్ పెట్టడం.

నలభై తొమ్మిదేళ్ళ వయసులో ఆమెకు హఠాత్తుగా సోకుల మీద మనసేమీ పుట్టలేదు. యానాం నుంచి పుదుచ్చేరికి బదిలీ మీద వచ్చి ఆరు నెలలైంది. భర్త పోయి ఏడేళ్ళు, పిల్లలు లేరు. ఆఫీసులో అందరూ తమిళంలో మాట్లాడుకుంటారు. ఆమె తమిళం బస్సు టికెట్టు దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. కింది వాటాలో ఉండే ఇంటావిడ జయమ్మాళ్ ఇంట్లో తెలుగే అయినా, "మోటర్ వేసినాను", "మోటర్ ఆపేసినాను" అనే రెండు మాటలకు మించి ఇద్దరి మధ్యా నడవలేదు. పైనున్నావిడ ఆఫీసరమ్మ, విసిగించకూడదని జయమ్మాళ్ అనుకునేది. కిందావిడ ముభావి, పలకరించకూడదని నాగకుమారి అనుకునేది.

రెండు వారాల కిందట ఎండకు తాళలేక ఒక మేకప్ సామాన్ల షాపులోకి దూరితే, కౌంటర్లో ఉన్న అభినయ అనే అమ్మాయి "రాండక్కా, కూర్చోండి" అంది. అరియాంకుప్పం పిల్ల, ఇంట్లో తెలుగు. ఆ ఒక్క మాట కోసమే నాగకుమారి మళ్ళీ వెళ్ళింది.

"ఇది పూస్తే పూసినట్టే తెలీదక్కా. చెమటకి పోదు, నీళ్ళకి పోదు" అంది అభినయ, చిన్న గాజు సీసా చూపించి.

"ఎంతమ్మా?"

"నాలుగు వేల ఎనిమిది నూర్లు."

నాగకుమారి లేవబోయింది. అభినయ భుజం పట్టి కూర్చోబెట్టింది. "కొనొద్దక్కా, ఊరికే చూడండి. సగం మొగానికి పూస్తా, సగం అట్నే వదిలేస్తా. తేడా మీరే చెప్పండి."

ఆ పిల్ల వేళ్ళు చెంప మీద మెత్తగా తిరుగుతుంటే నాగకుమారి కళ్ళు మూసుకుంది. తన ముఖాన్ని ఇంకో మనిషి తాకి ఎన్నాళ్ళయిందో లెక్క కట్టబోయింది. ఆఖరుసారి తాకినవాడు పళ్ళ డాక్టరు.

కళ్ళు తెరిస్తే అద్దంలో కుడి చెంప నున్నగా మెరుస్తోంది. గీసిన కాటుకకి కుడి కన్ను పెద్దదైంది, రంగు పూసిన పెదవి కుడి సగం ఎర్రగా పైకి లేచి ఉంది. హాయిగా నిద్రపోయి లేచిన మనిషిలా ఉంది ఆ పక్క. ఎడమ పక్క మాత్రం ఎప్పటి నాగకుమారే.

అప్పుడే వాన వచ్చి పడింది. చూస్తుండగానే వీధిలో నీళ్ళు మెట్టెక్కి షాపులోకి వచ్చాయి, కరెంటు పోయింది. ఓనరు అందరినీ బయటికి పంపేస్తున్నాడు. అట్టపెట్టెలు నెత్తికెత్తుకుంటూ అభినయ అరిచింది: "రేపు రాండక్కా, రెండో పక్క పూస్తా!"

ఆటోలు లేవు. వానకి ఎలాగూ కడుక్కుపోతుందిలే అనుకుని నాగకుమారి నడక సాగించింది. ఇల్లు చేరేసరికి చీర, చెప్పులు, సంచి, సంచిలోని గొడుగు అన్నీ తడిసి ముద్దయ్యాయి. కుడి చెంప మాత్రం చెక్కు చెదరలేదు.

గేటు దగ్గర జయమ్మాళ్ ఎదురైంది. చూసీ చూడగానే చేతిలో చీపురు వదిలేసింది. మెరిసే సగం పక్కన మిగతా సగం వాలిపోయినట్టే ఉంది మరి.

"ఏందమ్మా, మొగం ఇట్టుండాది? నోరు ఒక పక్కకి పోయిందే!"

నాగకుమారికి చలికి పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. "ఒ... ఒక ప... పక్కే అ... అయిందండి" అంది. "రెం... రెండోది రేపు."

జయమ్మాళ్ గుండె మీద చెయ్యి వేసుకుంది. "అయ్యయ్యో, రెండో పక్కకీ వస్తాదా! లోకేశ్వరీ! ఆటో అణ్ణాదురైని బండి తెమ్మను, సీక్రం, తొందరగా!"

పక్కింటి లోకేశ్వరి పరుగెత్తింది. నాగకుమారి చెప్పబోయిన ప్రతిసారీ జయమ్మాళ్ "మాట్లాడొద్దు, బలం పోతాది" అని ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. ఆటోలో తన చీర చెంగుతో ఆమె తల తుడిచింది, చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆసుపత్రి దాకా వదల్లేదు. ఆ దారిలో ఒకచోట జయమ్మాళ్ చెయ్యి ఆమె నోటి మీద నుంచి జారింది. ఇది మేకప్పండీ అని చెప్పేయడానికి అంతకన్న మంచి అదను లేదు. నాగకుమారి చెప్పలేదు. చెబితే ఆవిడ చెయ్యి వదిలేస్తుందేమోననిపించింది.

ఈలోగా లోకేశ్వరి, నాగకుమారి ఆఫీసులో తనకు తెలిసిన ఒకే ఒక మనిషి రాఘవన్‌కి ఫోన్ చేసింది. అతను ఆఫీసు వాట్సాప్ గ్రూపులో "నాగకుమారి మేడమ్‌కి పక్షవాతం" అని పెట్టాడు. కాసేపటికి ఒకరు దండం బొమ్మ పెట్టారు. దాన్ని చూసి ఇంకొకరు "ఆత్మకు శాంతి కలుగుగాక" అన్నారు. ఆ తర్వాత ఎవరూ వెనక్కి తగ్గలేదు.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు సుష్మిత ఆంధ్ర నుంచి వచ్చిన పిల్ల. చేతులు ఎత్తించింది, కాళ్ళు తన్నించింది, కళ్ళలోకి టార్చి కొట్టింది. చివరకు ముక్కు మీద రంగు ఆగిన గీతను దగ్గరగా చూసింది.

"ఇంత నిటారుగా ఏ జబ్బూ రాదండి. ఏం పూసుకున్నారు?"

నాగకుమారి తల వంచుకుని జరిగిందంతా చెప్పింది. తడి గాజుగుడ్డతో మూడుసార్లు రుద్దినా రంగు రాలేదు. డాక్టరు నర్సు వంక చూసి, "ఆ షాపు పేరేమిటన్నారు?" అంది.

సరిగ్గా అప్పుడే రాఘవన్ వార్డులోకి వచ్చాడు. అతని చేతిలో నిలువెత్తు గులాబీ దండ ఉంది. మంచం మీద కూర్చుని ఉన్న మనిషిని చూసి ఆగిపోయాడు. వెనక్కి పోవడానికి దారి లేదు. ఆఫీసు వాళ్ళు ఎనిమిదిమంది వెనకే ఉన్నారు.

"ఊరికే... చూసి పోదామని మేడమ్" అంటూ దండను మంచం కమ్మీకి తగిలించాడు.

జయమ్మాళ్‌కి అసలు సంగతి తెలిసి ముఖం కందిపోయింది. "ఆటోలోనే చెప్పుంటే ఏమి?" అని కసిరింది. దండ తగిలిస్తూ రాఘవన్ చేతికిచ్చి మర్చిపోయిన ఫోన్లో నాగకుమారి గ్రూపు మెసేజ్‌లు చదువుకుంటోంది. ఎవరూ పెద్దగా ఏడిపించే మాటలేమీ రాయలేదు; "ఎవరినీ నొప్పించని మనిషి" అని మాత్రం పదకొండుమంది రాశారు. వాళ్ళలో ఒక్కరు కూడా ఆమెతో ఏనాడూ మాట్లాడలేదు. ఆమె చివరి దాకా చదివి, మళ్ళీ మొదటికి వెళ్ళింది.

ఆ సాయంత్రం జయమ్మాళ్ ఏమీ మాట్లాడకుండా కొబ్బరినూనె గిన్నెతో పైకి వచ్చి, ఎదురుగా కూర్చుని, తుడిచి తుడిచి ఆ రంగు వదిలించింది. బుధవారం నాగకుమారి వెళ్ళి సీసా కొనుక్కుంది. తన కంటే ముందే ఒక డాక్టరు, ఇద్దరు నర్సులు వచ్చి కొనుక్కెళ్ళారని అభినయ చెప్పింది.

మర్నాడు తెల్లారగానే తలుపు చప్పుడైంది. గుమ్మంలో జయమ్మాళ్, చేతిలో కాఫీ గ్లాసు.

"నవ్వు" అంది.

"ఏమిటండీ?"

"నవ్వమంటే నవ్వు. రెండు పక్కలా పెదిమలు సమంగా లేస్తే ఏమీ లేనట్టేనని డాక్టరమ్మ నాకు చెప్పి పంపింది. ఒంటి మనిషివి, ఎవరో ఒకరు చూసుకోవద్దా?"

నాగకుమారి నవ్వింది. జయమ్మాళ్ కళ్ళజోడు సర్దుకుని, కుడి పక్క ఒకసారి, ఎడమ పక్క ఒకసారి పరీక్షగా చూసింది.

"సరే, బాగుండాది. కాపీ ఆరిపోతాది, తాగు. రేపు మళ్ళా వస్తా."

ప్రస్తుతం నాగకుమారి రోజుకొకసారి, డాక్టరు సలహా మేరకు, నవ్వుతోంది.