బ్రదర్ లూషస్ కుడికాలు, మూడు పెట్టెలు

మా ఆయన కుడికాలు ఎవరి మాటా వినదు. ఆయనా వినడనుకోండి, కానీ మనిషి వినకపోతే సర్దుకుపోవచ్చు, కాలు వినకపోతేనే కష్టం. పాట మొదలైతే చాలు, అది తనంతట తానే నేలను కొడుతూ తాళం వేస్తుంది. మా డేటన్ ఊళ్లో బ్రేకుల ఫ్యాక్టరీలో ముప్పై రెండేళ్లు పనిచేసిన మనిషి, తన కాలికి మాత్రం ఒక బ్రేకు బిగించుకోలేకపోయాడు.

ఇది మా ఇంటి గొడవే అయితే నేనిలా రాసేదాన్ని కాదు. లూషస్ మా చర్చిలో గిటార్ వాయిస్తాడు. ఆర్గన్ పక్కన ఉన్న కుర్చీ పదకొండేళ్లుగా ఆయనది. పాస్టర్ గెయిన్స్ గారి ప్రసంగం కాక మీదికొచ్చి, మాట కాస్తా పాట అవుతున్నప్పుడు, ఆయన ఊపిరి తీసుకునే సందులో ఆర్గనూ గిటారూ జవాబు చెప్పాలి. జవాబు బాగుంటే పాస్టర్ గారు ఇంకో అరగంట సాగదీస్తారు. బాగాలేకపోతే భోజనాలు వేళకు అవుతాయి. అయినా మేమంతా బాగుండాలనే కోరుకుంటాం.

పాస్టర్ గారు మా చర్చికి వచ్చిన ఇరవయ్యో వార్షికోత్సవం మూడు వారాల్లోకి వచ్చింది. ఆర్గన్ వాయించే సిస్టర్ ఒడెస్సా మా ఆయన్ని పక్కకి పిలిచింది. గొంతు పెంచకుండానే మనిషిని కుర్చీలోంచి లేపగల ఇల్లాలు ఆవిడ.

"బ్రదర్ లూషస్, పాస్టర్ గారు మాట్లాడుతున్నారు. నా ఆర్గన్ మాట్లాడుతోంది. మీ గిటార్ ఊరికే తలూపుతోంది. ఆ రోజుకైనా అది నోరు తెరవకపోతే, సిన్సినాటిలో గిటార్ వాయించే మా మేనల్లుడున్నాడు."

ఆ పూట నేను వేయించిన చేప ఆయన ముట్టలేదు. మా కాపురంలో ఆయన చేప ముట్టకపోవడం అది రెండోసారి. మొదటిసారి వాళ్లమ్మ పోయినప్పుడు.

మర్నాడు వాయిద్యాల కొట్టు నుంచి మూడు పెట్టెలతో దిగాడు. గిటార్‌కీ స్పీకర్‌కీ మధ్య వీటిలో ఒకటి తగిలిస్తే అది "వా, వా" అని మనిషిలా మాట్లాడుతుందట. నచ్చినది ఉంచుకుని మిగతా రెండూ నెలలోగా తిరిగిచ్చేయవచ్చట. ఒకదాని పేరు వా పెడల్, ఒకటి ఎన్వలప్ ఫిల్టర్, ఇంకొకటి ఆటో వా. ఎన్వలప్ అంటే ఆదివారం కానుకల కవరేమో అనుకుని నేను పర్సు వెతుక్కున్నాను.

నేను కాలేజీలో చదివింది చరిత్ర. అయినా మూసి ఉన్న పెట్టె కనపడితే నాకు చేతులు ఊరుకోవు. ఆయన నదికి చేపలకు వెళ్లిన పూట మూడింటినీ వంటింటి బల్ల మీద పరిచాను. నాకు గిటార్ మీద రెండు తీగలు మీటడమే వచ్చు. ఆ రెండూ చాలాయి.

మా చర్చి తలుపు దగ్గర తెల్ల చేతి తొడుగులతో, వచ్చేవాళ్లకు తలుపు తీసే అషర్లు నిలబడతారు కదా, గిటార్ శబ్దానికి ఈ పెట్టెలూ వాళ్లలాంటివే. వా పెడల్ చెప్పిన మాట వినే అషరు. కాలి మడమ నొక్కితే తలుపు మూస్తాడు, వేళ్లు నొక్కితే తెరుస్తాడు. కాకపోతే ముందు వేళ్లతో చివరిదాకా గట్టిగా తొక్కి టక్కుమనిపించాలి, అప్పుడుగానీ డ్యూటీ ఎక్కడు. ఎన్వలప్ ఫిల్టర్ మనిషిని చూసి తలుపు తీసే అషరు. మెల్లగా మీటితే సందు చేస్తాడు, గట్టిగా మీటితే బార్లా తెరుస్తాడు. ఆటో వా చేతి గడియారం చూసుకునే అషరు. ఎవరొచ్చినా రాకపోయినా తన లెక్క ప్రకారం తీస్తూ మూస్తూ ఉంటాడు. కొన్ని కంపెనీలు ఎన్వలప్ ఫిల్టర్‌కే ఆటో వా అని పేరు పెట్టి అమ్ముతాయి, పేరు చూడకండి, పని చూడండి అన్నాడట కొట్టువాడు. పెళ్లికి ముందు మా అమ్మ నాకు చెప్పిందీ అదే. నేనే వినలేదు.

సాయంత్రానికి నా తీర్పు తయారైంది. పాస్టర్ గారి ఊపిరికి గడియారం ఉండదు కాబట్టి మూడోది పనికిరాదు. లూషస్ కాలికి బుద్ధి ఉండదు కాబట్టి మొదటిదీ పనికిరాదు. ఆయన చెయ్యి మాత్రం ఒట్టి బంగారం. కనుక చేతిని బట్టి నడిచే రెండోదే తీసుకోమన్నాను.

ఆయనకేమో కాలితో తొక్కేదే కావాలి. తొక్కుతుంటే మనిషికి ఒక దర్జా ఉంటుందట. తగవు తేలక పరీక్ష పెట్టాడు. నేను పొయ్యి వైపు తిరిగి ఆకుకూర కలుపుతూ ఉండాలి, ఆయన వెనక ఒక్కొక్కటే వాయిస్తాడు, నేను చూడకుండా ఎంచాలి. మా పొయ్యికి ఓవెన్ ఉంది, ఓవెన్‌కి అద్దం తలుపుంది, దాన్ని పొద్దున్నే తుడిచాను. రెండో పెట్టె బటన్లూ మూడో పెట్టె బటన్లూ ఆయన సున్నాకి తిప్పడం అందులో శుభ్రంగా కనపడింది.

"ఏది బాగుంది?"

"రెండోదే."

"అదసలు పలకనే లేదు కదే!"

"ఎందుకు పలకలేదంటావ్?"

ఆయనకి ఉన్నట్టుండి కారులో ఆయిల్ చూసుకోవాలని గుర్తొచ్చింది. కానీ పెడల్ సంగతి మాత్రం ఒప్పుకోలేదు. "ఆదివారం నా కాలు చెబుతుంది చూడు," అన్నాడు తలుపు దగ్గర.

ఇక్కడ రెండు సంగతులు చెప్పాలి. ఆయన కుడికాలి బొటనవేలికి ఆనెకాయ ఉంది. అందుకని ఇంట్లో ఆ పెడల్‌ని వంగి చేత్తో నొక్కి టక్కుమనిపించేవాడు. రెండోది, వార్షికోత్సవం సూటు ప్యాంటు నడుము వదులు చేయమని నాకు రెండు వారాల ముందే ఇచ్చాడు. నాకు తీరిక దొరకలేదు. కావాలనే దొరకలేదు.

వార్షికోత్సవం ఆదివారం వచ్చింది. వంట కమిటీ తాళాలు నా దగ్గరే ఉంటాయి, పూలు సర్దేదీ నేనే. అందరికన్నా ముందు వెళ్లి, ముందురోజే లూషస్ బిగించిపోయిన పెడల్ నుంచి స్పీకర్‌కి గుచ్చి ఉన్న తీగ ఊడదీసి, మధ్యలో ఎన్వలప్ ఫిల్టర్ తగిలించి, దాని ముందు చామంతి కుండీ పెట్టాను. కుండీ ఈ మూల పెట్టావేమిటని ఒక సిస్టర్ అడిగితే, లూషస్‌కి చామంతులంటే ప్రాణం అన్నాను.

పాస్టర్ గారు కాక మీదికొచ్చారు. లూషస్ పెడల్ వైపు వంగబోయాడు, ప్యాంటు నడుము ఒక హెచ్చరిక చేసింది, మళ్లీ నిటారుగా కూర్చున్నాడు. ఆనెకాయ భయానికి వేళ్లతో మెల్లగా ఒత్తి, అయిపోయిందనుకుని వాయించడం మొదలుపెట్టాడు. కాలు తన పాటికి తాను తాళం కొట్టింది. పెడల్ ఎగిరింది, పడింది, అది డ్యూటీ ఎక్కనే లేదు కనుక ఎవరికీ నష్టం లేదు. చెయ్యి మాత్రం పాస్టర్ గారి గొంతు లేచినప్పుడు లేచింది, తగ్గినప్పుడు తగ్గింది. గిటార్ "వా" అన్న ప్రతిసారీ లూషస్ నోరు కూడా "వా" అంది. సిస్టర్ ఒడెస్సా ఆర్గన్ మీద నుంచి ఒక్క చెయ్యి తీసి గాల్లో ఊపింది. అది కుర్చీ ఖాయమన్న గుర్తు. నేను తల వంచుకుని దేవుడికి థాంక్స్ చెప్పాను, నా వంతు పని గురించి ప్రస్తావించకుండా.

భోజనాలు నలభై నిమిషాలు ఆలస్యమయ్యాయి.

కింద భోజనాల హాల్లో, వంటింటి వడ్డన కిటికీ దగ్గర లూషస్ కోడి కాలు పట్టుకుని, కాలి కదలిక గురించి చర్చి పెద్దలు డీకన్లకు పాఠం చెబుతున్నాడు. అంతా మడమలో ఉందట. నేను తీపికి చేసిన పీచ్ కాబ్లర్ కోస్తూ, సామాను సర్దుకురమ్మని పంపాను. వెళ్లాడు. తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చేసరికి ఒక చేతిలో పెడల్, ఒక చేతిలో ఫిల్టర్, భుజం మీద ఒక చామంతి రేకు.

"ఇది ఎప్పటినుంచి..."

"పొద్దుటి నుంచి."

"మరి పెడల్?"

"నువ్వే నొక్కి చూడు."

కింద పెట్టి, ఆనెకాయని తలుచుకుని కళ్లు మూసుకుని, చివరిదాకా తొక్కాడు. టక్కుమంది. ఆ శబ్దం ఆయన ఆ రోజు వినడం అదే మొదటిసారి. కళ్లు తెరిచి నా వైపు చూశాడు. పెదాలు కదిలాయి.

"వినపడలేదు లూషస్. ఈ గాలి ఫ్యాను చప్పుడొకటి."

మళ్లీ ఏదో అన్నాడు. నేను చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, రెండో చేత్తో ఫ్యాను స్విచ్చి కోసం తడుముకున్నాను. ఆయన ఊపిరి తీసుకుని గొంతెత్తాడు. నేను స్విచ్చి ఆపాను.

"నాదే తప్పు వెర్డెల్. నా కాలిదీ తప్పే," అన్నది హాలంతా వినపడింది.

"ఆమెన్," అంది సిస్టర్ ఒడెస్సా.