పులిహోర దీక్ష

వేసవి సెలవులు సగం అయిపోయాయి. ఎనిమిదేళ్ళ ప్రణీత్, ఐదేళ్ళ ధరణి తార్నాక ఫ్లాట్‌లో సోఫాలెక్కి దూకుతూ కాలం గడుపుతున్నారు. కింది ఫ్లోరువాళ్ళు పైకొచ్చి అడిగాక, వాళ్ళ నాన్న శశిభూషణ్‌లో చలనం వచ్చింది. రెండో శనివారం పొద్దున్నే యూనివర్సిటీ క్యాంపస్‌కి వెళ్ళాలి, చెట్ల కింద చాప పరుచుకుని టిఫిన్ తినాలి, ఎండ ముదరకముందే ఇంటికి రావాలి. ఇదీ ఆయన వేసిన ప్లాను.

శశిభూషణ్ ఆ యూనివర్సిటీలోనే ఆఫీసరు. "అంటే, మీరు రోజూ వెళ్ళే ఆఫీసే మాకు విహారయాత్రన్నమాట," అంది అతని భార్య సుధామయి.

స్కూటర్ మీద దంపతులిద్దరూ, ధరణి. ఆటోలో తాతగారు సుందరరావు, నాయనమ్మ వెంకటరమణమ్మ, ప్రణీత్. పులిహోర క్యారియర్ నాయనమ్మ ఒళ్ళో ఉంది. నీళ్ళ సీసాలు స్కూటర్ డిక్కీలో ఉన్నాయి. తాతగారి ఫోనూ కళ్ళజోడూ ఇంట్లో ఫ్రిజ్ మీద ఉన్నాయి. ఈ సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు.

"లైబ్రరీ దగ్గర దిగండి నాన్నా," అని చెప్పి శశిభూషణ్ ముందు వెళ్ళిపోయాడు.

"పాత లైబ్రరీనా, కొత్తదా సార్?" అన్నాడు ఆటో అతను.

సుందరరావు రైల్వేలో స్టేషన్ మాస్టరుగా రిటైరైన మనిషి. తెలియదు అనే మాట ఆయన సర్వీసులోనే లేదు. "పాతదే, పోనీ," అన్నాడు.

కొడుకు కొత్త లైబ్రరీ దగ్గర ఎదురు చూస్తుంటే, వీళ్ళు పాత లైబ్రరీ ముందు ఎండలో నిలబడ్డారు. కాసేపటికి ప్రణీత్ నీళ్ళన్నాడు. ఇంకాసేపటికి నాయనమ్మ మోకాళ్ళన్నది. అంతలో ఎదురుగా చెట్ల మధ్య ఓ షామియానా, చాపలు, మంచినీళ్ళ కుండ కనిపించాయి.

"చలివేంద్రం పెట్టారే! పుణ్యాత్ములు," అని సుందరరావు అటు దారి తీశాడు. షామియానాకి పెద్ద బ్యానరే కట్టి ఉంది. కాని ప్రణీత్‌కి తెలుగు చదవడం రాదు, తాతకి కళ్ళజోడు లేదు, నాయనమ్మ చూపు చాపల మీది నుంచి కదల్లేదు.

వేసవి సెలవుల్లోనూ రీడింగ్ రూమ్ తెరిచి ఉంచాలని విద్యార్థులు అక్కడ నిరాహార దీక్ష చేస్తున్నారు. అమల అనే అమ్మాయి లేచి, "రండి అమ్మమ్మా, గీడ నీడకు కూసోండి," అని ముగ్గురికీ నీళ్ళిచ్చింది.

పరుశురాం అనే కుర్రాడు ఆశగా అడిగాడు. "మాకు సపోర్టుకు వచ్చిన్రా తాతా?"

"సపోర్టు లేకపోతే ఎలా బాబూ! ఈవిడ అసలు నిలబడలేదు," అన్నాడు సుందరరావు, భార్య మోకాళ్ళ కేసి చూపిస్తూ.

పరుశురాం కళ్ళు చెమర్చాయి. ముగ్గురి మెడల్లోనూ బంతిపూల దండలు పడ్డాయి. ఈ కాలంలో కూడా ఇంత మర్యాదా అని వెంకటరమణమ్మ మురిసిపోయి, క్యారియర్ మూత తీసింది. ఇంగువ ఘాటు షామియానా అంతా అలుముకుంది.

"అమ్మమ్మా, దండం పెడ్త, జర మూత పెట్టున్రి. నిన్నటి సంది ఏం తినలే. దీక్షల ఉన్నం," అంది అమల నీరసంగా.

"అయ్యో, దీక్షలో ఉన్నారా తల్లీ! ముందే చెప్పొద్దూ!" వెంకటరమణమ్మ చెంపలేసుకుంది. ఉపవాసమున్నవాళ్ళ మధ్య ముద్ద మింగే అలవాటు వాళ్ళ వంశంలో లేదు. మనవణ్ణి షామియానా వెనక్కి తీసుకెళ్ళి నాలుగు ముద్దలు పెట్టి, తాను తినకుండా, మొగుణ్ణి తిననివ్వకుండా మూత బిగించేసింది.

ఎవరో కుర్రాడు ఫోన్‌లో వీడియో మొదలుపెట్టాడు. "ఎంతసేపు కూసుంటరు తాతా?"

"మావాడు వచ్చేదాకా ఇక్కణ్ణుంచి కదిలేది లేదు."

"మీవాడెవరు?"

"శశిభూషణ్ అని, మీ యూనివర్సిటీలో ఆఫీసరే."

షామియానాలో ఉన్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు. రీడింగ్ రూమ్ ఫైలు కదలకుండా పడి ఉన్నది ఆ ఆఫీసరు టేబుల్ మీదే. "కన్న కొడుకు మీదనే దీక్షకు కూసున్నవా తాతా!" అని పరుశురాం రెండు చేతులూ జోడించాడు. నినాదాలు మిన్నంటాయి. ప్రణీత్ అందరికంటే గట్టిగా "వర్ధిల్లాలి!" అన్నాడు.

అవతల శశిభూషణ్ స్కూటర్ మీద క్యాంపస్ అంతా గాలిస్తున్నాడు. ఫోను మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. సుధామయికి ఏడుపొక్కటే తక్కువ. ఆవిడ ఫోన్‌తో ఆడుకుంటున్న ధరణి, "అమ్మా, ఫోన్లో నాయనమ్మకి దండ వేశారు," అంది.

సుధామయి గుండె ఆగినంత పనైంది. ఫోను లాక్కుని చూస్తే అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎవరో పంపిన వీడియో ఉంది. 'కొడుకు మొండి వైఖరిపై తల్లిదండ్రుల నిరాహార దీక్ష.' గ్రూపులో అప్పటికే రెండు వర్గాలు ఏర్పడ్డాయి.

వాళ్ళు వెళ్ళేసరికి వెంకటరమణమ్మ అమల ఒళ్ళో తల పెట్టుకుని పడుకుని ఉంది. 'ఆఫీసరు నిర్లక్ష్యం నశించాలి' అని రాసిన అట్టతో ఒక కుర్రాడు ఆవిడకి విసురుతున్నాడు.

"అమ్మా!" అంటూ శశిభూషణ్ కూలబడ్డాడు.

"ఏం గాలే సార్. ఎండకు కళ్ళు తిరిగినయంతే. ఉప్పు చక్కెర నీళ్ళు తాపిచ్చినం. డాక్టర్ గూడ చూసిపోయిండు," అంది అమల. నిన్నటి నుంచి మెతుకు ముట్టని పరుశురాం హెల్త్ సెంటర్ దాకా పరుగెత్తి డాక్టర్ని తీసుకొచ్చి, ఇప్పుడు తనే చెట్టుకి ఆనుకుని రొప్పుతున్నాడు.

వెంకటరమణమ్మ కళ్ళు తెరిచింది. "ఒరేయ్, ఈ పిల్లలే లేకపోతే రోడ్డు మీద పడిపోయేదాన్నిరా. కన్నబిడ్డల్లా చూశారు. వాళ్ళేదో అడుగుతున్నారట, ఇవ్వరాదూ?"

ఎండాకాలంలో ఎవడు చదువుతాడులే అని ఆ ఫైలును పక్కన పడేసింది తనేనని శశిభూషణ్‌కి గుర్తుంది. ఆయన ఎవరి ముఖమూ చూడలేకపోయాడు. పరుశురాం దగ్గరికెళ్ళి అతని చేతులు పట్టుకున్నాడు. లేచి వెళ్ళి, సెలవు రోజున ఆఫీసు తలుపు తీయించి, సంతకం పెట్టి తిరిగొచ్చాడు.

నిమ్మరసం లేదు. వెంకటరమణమ్మ తన చేత్తో తలా ఓ ముద్ద పులిహోర పెట్టి దీక్ష విరమింపజేసింది. అది చాలదని సుధామయి తార్నాక నుంచి ఇడ్లీలు తెప్పిస్తే, శశిభూషణ్ నడుం బిగించిన పెళ్ళిపెద్దలా అందరికీ కొసరి కొసరి వడ్డించాడు. చెట్ల కింద చాపల మీద, పిల్లలతో, పెద్దలతో, ముక్కూ మొహం తెలియని అంతమందితో కలిసి తిన్న ఆ టిఫిన్ లాంటిది ఆయన మళ్ళీ ఎప్పుడూ తినలేదు.

మర్నాడు సాయంత్రం కాలింగ్ బెల్ మోగింది. గుమ్మంలో ఇద్దరు కొత్త కుర్రాళ్ళు. "సార్‌తోని కాదు మేడం, అమ్మమ్మతోని పనున్నది. బస్ స్టాప్‌కు షెడ్ కావాలని మేం గూడ కూసుంటున్నం. రేపు అమ్మమ్మ జర ఖాళీగుంటదా?"

సుధామయి లోపలికి వెళ్ళి అత్తగారిని కనుక్కుని వచ్చింది.

"రేపు ఏకాదశి. ఎలాగూ ఉపవాసమే, వస్తారట."