నీటిమట్టానికి రెండు బొట్టుబిళ్ళలు

రఘునాథపల్లిలో అక్క విజయలక్ష్మి మనవరాలి పుట్టువెంట్రుకల వేడుకకు వెళ్లి, రాత్రి అక్కడే ఉండి మర్నాడు తిరిగి రావాలని సారంగపాణి అనుకున్నాడు. బయలుదేరేముందు చేయవలసిన పని ఒక్కటే: రెండు పెట్టెల్లో నీళ్లు సరిచూడడం.

కాశిబుగ్గలో పాండురంగం బట్టల దుకాణం పైన ఆయన వాటా. ముందుగదిలో ఒక గాజుతొట్టి నిండా ఉప్పునీళ్లు, అందులో ఒక చేప. తొట్టి కింద చెక్క అలమరలో రెండు గాజుపెట్టెలు. మోటారు ఉన్నది సంపు. నాచు పెంచేదాన్ని తెలిసినవాళ్లు రెఫ్యూజియం అంటారు. సారంగపాణి ఆశ్రయం అంటాడు. నలుసులంత పురుగులు ఆ నాచులో దాక్కుని పిల్లల్ని పెడతాయి. పైతొట్టి నీళ్లు కొన్ని నేరుగా సంపులోకి, కొన్ని ఆశ్రయంలోకి దిగి అక్కణ్ణుంచి సంపులోకి పొర్లుతాయి, మోటారు ఎత్తిపోస్తే మళ్లీ పైకి వెళ్తాయి. రోజంతా పక్కగదిలో ఎవరో నెమ్మదిగా బిందె నింపుకుంటున్నట్టే ఉంటుంది. భార్య అనసూయ పోయాక ఆ ఇల్లు మరీ మూగబోకుండా కాపాడింది ఆ చప్పుడే.

చేప వేలెడంత ఉంటుంది. నీలిపట్టు మీద నారింజ దారాలు నేసినట్టుండే మాండరిన్ రకం. ఆశ్రయంలోంచి నీళ్లతో పైకొచ్చే పురుగుల్ని తప్ప మరేదీ ముట్టదు. కొన్నాళ్లుగా దాని పొట్ట లోపలికి పోతోంది. ఇలాగే ఉంటే బతకదు. పురుగులు చాలడం లేదేమోనని, అవి కదలకుండా పెరగాలని, ఆశ్రయంలోకి దిగే గొట్టం కుళాయిని బిగించి నీళ్లు వచ్చీరానట్టు వదిలాడు సారంగపాణి.

ఏ పెట్టెలో నీళ్లు ఎంతవరకుండాలో గుర్తుగా గాజు మీద బొట్టుబిళ్ళలు అంటించాడు. సంపుకు ఎర్రది, ఆశ్రయానికి పచ్చది. ఎర్రబిళ్ళకు పైన సంపు ఖాళీగా ఉండాలి. కరెంటు పోతే మోటారు ఆగి, పైనుంచి కొన్ని నీళ్లు దిగివస్తాయి. వాటికి చోటు కావాలి.

ఆ పొద్దున ఆయన పాలప్యాకెట్ కోసం వెళ్లినప్పుడు చెల్లెలు నిర్మల టిఫిన్ డబ్బాతో మేడెక్కింది. నిర్మల పాండురంగం భార్య. అలమర దుమ్ము దులపబోయి బిళ్ళలు చూసి ఆగిపోయింది. మొహం కడుక్కునేముందు ఆడవాళ్లు బొట్టుబిళ్ళ తీసి దగ్గరున్న అద్దానికి అంటిస్తారు. అద్దం చూస్తే ఇంట్లో ఆడవాళ్లెందరో తెలిసిపోతుంది. ఈ ఇంట్లో ఎవరూ లేరు.

బిళ్ళలు రెండూ ఊడదీసి అరచేతిలో పెట్టుకుని అక్కకు ఫోన్ చేసింది.

"అక్కా, అన్న ఇంట్ల బొట్టుబిళ్ళలున్నయే."

"ఎవలయి?"

"నాకేమెరుక. ఒకటి ఎర్రది, ఒకటి పచ్చది."

"ఇద్దరా?"

"మెల్లగ మాట్లాడే. అన్న వస్తాండు."

నిర్మల గబగబా బిళ్ళల్ని మళ్లీ అంటించింది. ఎక్కడివక్కడ గుర్తులేదు. చూడడానికి బాగుండాలని రెండింటినీ ఒకే వరుసలో, బాగా పైకి పెట్టి, వంటింట్లోకి వెళ్లిపోయింది.

సారంగపాణి వంగి చూస్తే రెండు పెట్టెల్లోనూ నీళ్లు గుర్తుకు చాలా కింద ఉన్నాయి. రాత్రి ఎక్కడో కారిపోయాయనుకున్నాడు. కలిపి ఉంచిన ఉప్పునీళ్లు ఎర్రబిళ్ళదాకా పోశాడు. ఆశ్రయం నిండడానికి కుళాయి పూర్తిగా తెరిచాడు.

"అన్నా, ఒక్కనివే పోతానవా ఫంక్షన్‌కు?" అంది నిర్మల గుమ్మంలోంచి.

"ఇంకెవలున్నరే?"

"ఎవలన్న ఉంటే తోల్కపో. అక్క ఏమనదు."

"నేనొచ్చేదాంక చేపను జర చూడు."

"మాట మార్చకే."

అప్పుడే కరెంటు పోయింది. మోటారు ఆగి ఇల్లంతా నిశ్శబ్దమైంది. పైతొట్టి నీళ్లు కిందికి దిగాయి. చోటు లేక సంపు అంచు దాటి, గదిలో పరుచుకుని, తలుపు కిందినుంచి జారి, ఎవరినీ తొందరపెట్టకుండా ఒక్కో మెట్టూ దిగడం మొదలుపెట్టాయి.

ఆ మెట్ల మీదే పాండురంగం ఎదురొచ్చాడు. ఈలోగా విజయలక్ష్మి అతనికి ఫోన్ చేసింది. అతని చేతుల్లో రెండు కొత్త చీరలున్నాయి.

"బావా, వాళ్లు లోపలున్నరా?"

"ఎవలు?"

"మీ అక్క బట్టలు పెట్టమన్నది. ఇద్దరికి. వయసుదేమున్నది, మనిషికి తోడుండాలె అన్నది."

సారంగపాణి చెవికి ఏదీ ఎక్కలేదు. "మంచి యాల్లకు తెచ్చినవ్," అని చీరలందుకుని, మడతలు విప్పి గుమ్మానికి అడ్డంగా పరిచాడు.

"బావా, అవి జరీ అంచువి."

"మంచిగనే పీలుస్తానయ్ తియ్."

నిర్మల ఇక ఆగలేకపోయింది. "అన్నా, ఆ బొట్టుబిళ్ళలెవలయో చెప్పు."

"మీ వదినెవే. ఆమె బట్టల పెట్టెల బిళ్ళల అట్టలున్నయ్. గీతలు గీస్తే చెరిగిపోతానయని అంటించిన."

"పచ్చయి వదినె ఎన్నడు పెట్టుకోలే."

"అందుకే అట్ట నిండుగున్నది."

గోరువెచ్చని ఉప్పునీళ్లు పాదాలను తాకి వెళ్తున్నాయి. నిర్మల ఎన్నడూ సముద్రం చూడలేదు. కుచ్చిళ్లు కొంచెం ఎత్తి పట్టుకుని కదలకుండా నిలబడింది.

"నేనే కదిలించిన అన్నా," అంది మెల్లగా. "వరుసల మంచిగుంటయని."

సారంగపాణికి కుళాయి పూర్తిగా తెరిచిన సంగతి గుర్తొచ్చింది. ఇన్నాళ్లు కాపాడిన పురుగులన్నీ కొట్టుకుపోతాయి. అలమర వైపు అడుగు వేస్తుండగానే కరెంటు వచ్చింది.

మోటారు మేలుకుంది. ఆశ్రయంలోంచి జోరుగా పొర్లిన నీళ్లు సంపులోకి, సంపులోంచి పైకి ఎక్కాయి. పైతొట్టిలో పిండి చల్లినట్టు తెల్లటి నలుసులు తేలాయి. రాతి చాటునుంచి చేప బయటికొచ్చింది. ఒకదాన్ని పొడిచింది. ఆగింది. ఇంకోదాన్ని పొడిచింది. తర్వాత ఆగలేదు.

సారంగపాణి తడినేల మీదే కూర్చున్నాడు. పురుగులు తక్కువేం లేవు. ఆశ్రయాన్ని తానే మరీ ప్రశాంతంగా ఉంచాడు. అందులోంచి ఒక్కటీ బయటికి రాలేదు.

"బిళ్ళలు మల్ల కిందికి జరపాల్నా?" అంది నిర్మల.

"ఎర్రది జరుపు. పచ్చది ఉండనియ్. బస్సుకు టైమైతాంది, నా సంచి తే."

పాండురంగం తడిసిన చీరలు పిండుతూ విజయలక్ష్మికి ఫోన్ చేసి, ఇద్దరు కాదు కదా ఒక్కరూ లేరని, ఉన్నది చేప మాత్రమేనని చెప్పాడు. అయితే కనీసం ఆ చేపకైనా ఒక జోడీ చూడమంది ఆమె.