అత్యవసర ద్వారం

డెబ్బై మూడు వేసవిలో ఒక శుక్రవారం పొద్దున బాలశౌరి పెట్టుకున్న పని చాలా చిన్నది. గుణదలలో తాను మేనేజరుగా ఉన్న సినిమా హాలు పక్క తలుపుకు తాళం తీసేయాలి, పైన బోర్డు తగిలించాలి. మధ్యాహ్నం ఫైరాఫీసరు వెంకటకృష్ణారావు తనిఖీకి వస్తున్నాడు. తాళం కనిపిస్తే లైసెన్సు రాదు. తాళం లేక ఎవడైనా టిక్కెట్టు కొనకుండా దూరితే ఓనరు తిరుపతిరావు ఊరుకోడు. ఎటు చూసినా పోయేది బాలశౌరి ఉద్యోగమే. పాపం, వారం నుంచి అన్నం సహించడం లేదు.

లోపల గడియ మాత్రం ఉంచి, గేట్ కీపర్ పోలరాజును తలుపు దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టాడు. పైన ఎర్రటి అక్షరాలతో ‘అత్యవసర ద్వారం’ అని బోర్డు వెలిసింది.

మ్యాట్నీ ఇంటర్వెల్లో మగవాళ్ళంతా ఆ బోర్డు చదివి అటే బారులు తీరారు. పోలరాజు మర్యాదగా గడియ తీసి ఒక్కొక్కరినీ సందులోకి పంపసాగాడు.

"ఏంటయ్యా ఇది?" అన్నాడు బాలశౌరి పరుగెత్తుకొచ్చి.

"అత్యవసరం అని మీరే రాయించారు గదండీ. ఆపుకోలేని వాళ్ళకేగా?"

అంతలో ఎదురింటి శౌరమ్మ చీపురుతో సహా వచ్చింది. "ఏం బాబూ, ఊరందరికీ మా గోడే దొరికిందా?"

"అది నిప్పంటుకుంటే బయటపడే తలుపు పిన్నిగారూ."

"మరి వీళ్ళకేం అంటుకుంది?"

బాలశౌరి సందులోకి పరుగెత్తాడు. వెళ్ళినవాళ్ళను లోపలికి లాగి, వరసలో మిగిలినవాళ్ళను కుర్చీల్లోకి తోలి, మళ్ళీ తాళం బిగించాడు. ఆట మొదలైంది గానీ చాలామందికి కథ మీద మనసు లేదు.

అప్పుడే బయట జీపు ఆగింది. ఆఫీసరు లోపలికి వచ్చేలోగా బాలశౌరి తాళం ఊడదీసి జేబులో వేసుకున్నాడు.

"గంట కొట్టించండి. హాలు ఎంత త్వరగా ఖాళీ అవుతుందో చూద్దాం" అన్నాడు వెంకటకృష్ణారావు.

హాల్లో ఉన్నది ఇంటర్వెల్ గంట ఒక్కటే. అది మోగి లైట్లు వెలగగానే మగవాళ్ళు ఒక్కుమ్మడిగా లేచి పక్క తలుపు దారి పట్టారు. ఏమైందోనని ఆడవాళ్ళూ పిల్లల్ని చంకనేసుకుని వెనకే నడిచారు. కేకలు లేవు, తోపులాట లేదు. చూస్తుండగానే హాలు ఖాళీ.

"ఇంత చక్కటి తర్ఫీదు ఎలా ఇచ్చారండీ?"

"మనదేముందండీ. జనమే అర్థం చేసుకున్నారు" అన్నాడు బాలశౌరి.

ఆఫీసరు లైసెన్సుకు సరేనని జీపెక్కాడు. బాలశౌరి ఊపిరి పీల్చుకుని వెనక్కి వచ్చేసరికి వెళ్ళినవాళ్ళు తిరిగి వస్తున్నారు. వాళ్ళతోపాటు సందులో వాళ్ళు, రిక్షావాళ్ళు, చివరికి శౌరమ్మ కూడా. పోలరాజు టిక్కెట్టు అడిగితే అందరిదీ ఒకటే మాట, "లోపల్నుంచేగా వెళ్ళాం."

ఆ సమయానికే తిరుపతిరావు వచ్చి తొంగి చూశాడు. కుర్చీలు చాలక జనం నిలబడి చూస్తున్నారు. ఆయన బాలశౌరి భుజం తట్టాడు.

హాలు ఖాళీ అయినందుకు ఆఫీసరు మెచ్చుకున్నాడు, నిండినందుకు ఓనరు మెచ్చుకున్నాడు, టిక్కెట్ల సంగతి అడిగేదాకా.